చెరువులో పంట ఉండగా రూలు మారితే

2025 నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం భీమవరంలో, రిటైరైన ఎకనామిక్స్ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రికార్డింగు విని రాసింది. సభలోంచి వచ్చిన మాటలు బ్రాకెట్లలో ఉన్నాయి.

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా? వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. సరే.

నాకు ఇచ్చిన విషయం "దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్యం అంటే ఏమిటి" అని. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇదే పాఠం చెప్పాను. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. "సుంకాలు, కోటాలు, మరే ఆంక్షలూ లేకుండా దేశాల మధ్య సరుకులు, సేవలు అటూ ఇటూ పోవడమే స్వేచ్ఛా వాణిజ్యం" అని రాస్తే ఐదుకి నాలుగు వేసేవాణ్ని. అక్షరాలు గుండ్రంగా ఉంటే నాలుగున్నర. ఇప్పుడైతే ఆ జవాబుకి రెండు మార్కులు కూడా వెయ్యను. ఆ మిగతా మూడు మార్కుల సంగతి చెప్పుకుందామనే వచ్చాను.

ఈ ఏడాది ఏప్రిల్ 3, గురువారం. పొద్దున్నే టీవీ పెడితే ట్రంప్ వైట్‌హౌస్ తోటలో ఇంత పెద్ద అట్ట పట్టుకుని దేశాల పేర్లు చదువుతున్నాడు. మన పేరు పక్కన 26 శాతం అని ఉంది. మా బావమరిదికి ఉండి ఊరి దగ్గర ఆరు రొయ్యల చెరువులున్నాయి. అన్నిట్లోనూ వనామీ రకమే. అందులో రెండింటికి ఆ శనివారం పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మే రోజు. నలభై కౌంట్. ఈ హాల్లో కౌంట్ అంటే ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ, ఆ మూల కూర్చున్న హైదరాబాద్ అబ్బాయి కోసం చెబుతున్నా. కిలోకి నలభై రొయ్యలు తూగితే నలభై కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. రేటు మాట్లాడుకోవడం అయిపోయింది, ఐస్ లారీకి చెప్పేశారు, వలలవాళ్లకి అడ్వాన్సు ఇచ్చేశారు.

గురువారం మధ్యాహ్నానికి కొనేవాళ్ల ఏజెంటు ఫోన్ చేశాడు. పాత రేటు లేదన్నాడు. కిలోకి ఎంత తగ్గించాడో చెబితే మా బావమరిదికి మళ్లీ బీపీ పెరుగుతుంది, అక్కడే కూర్చున్నాడు కాబట్టి చెప్పను. "కావాలంటే ఆపుకోండి, వచ్చేవారం చూద్దాం" అన్నాడట. రొయ్యను ఆపుకోవడం ఎక్కడైనా ఉందాండీ? ధాన్యమైతే పురిలో పోసుకుని కూర్చుంటాం. పెద్ద రొయ్య చెరువులో ఉన్న ప్రతి రోజూ మేత తింటుంది, ఏరేటర్లు తిరగాలి, కరెంటు కాలుతుంది. ఒక రాత్రి నీళ్లలో ప్రాణవాయువు, అదే డీవో, పడిపోయినా, తెల్లమచ్చ జబ్బు కనిపించినా మొత్తం పోతుంది. ఆ రాత్రి మేమిద్దరం గట్టు మీద మంచం వేసుకుని పడుకోలేదు, కూర్చున్నాం. మేత చూసుకునే చెక్ ట్రే పైకి తీసి టార్చి వేసి చూశాడు. రొయ్య బ్రహ్మాండంగా ఉంది. పేగు నిండుగా ఉంది. "చూడు బావా, దీనికేం తెలుసు ట్రంప్ ఎవరో" అన్నాడు.

శనివారం తగ్గిన రేటుకే ఇచ్చేశాడు.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ రొయ్య చెరువులోంచి వచ్చి, ఐస్‌లో పడి, ప్లాంటుకెళ్లి, తల తీయించుకుని, గడ్డకట్టి, కంటైనర్ ఎక్కి, అమెరికా రేవులో దిగేసరికి నెల దాటుతుంది. ట్రంప్ చెప్పిన 26 శాతాన్ని అమల్లోకి వచ్చిన రోజే, ఏప్రిల్ 9న, తొంభై రోజులు ఆపేశాడు. పది శాతం మాత్రం ఉంచాడు. అంటే మా వాడి రొయ్య మీద ఆ 26 శాతం పడనే లేదు. కానీ ఆ 26 శాతానికి తగ్గ కోత మా వాడి జేబులో అప్పటికే పడిపోయింది. తర్వాత రేటు కొంత తేరుకుంది గానీ, శనివారం అమ్మినవాడికి వెనక్కి వచ్చేదేముంది?

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. రేటును పడగొట్టింది సుంకం కాదు. రేపు ఎంత సుంకం ఉంటుందో తెలియకపోవడం. సీడు, అంటే రొయ్యపిల్లలు, పోసిన దగ్గర నుంచి పట్టుబడి దాకా నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో రూలు మారదు అన్న భరోసా ఉంటే ఐదు శాతం సుంకమైనా లెక్కలో వేసుకుని బతకొచ్చు. ఆ భరోసా లేకపోతే సున్నా శాతమైనా దేనికీ పనికిరాదు. స్వేచ్ఛా వాణిజ్యంలో స్వేచ్ఛ అంటే సుంకం లేకపోవడమని మేం పుస్తకంలో రాశాం. చెరువు గట్టు మీద మాత్రం దాని అర్థం అది కాదు. ముందు చెప్పిన మాట పంట చేతికొచ్చేదాకా నిలబడటం.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. 1930లో అమెరికా స్మూట్-హాలీ చట్టం తెచ్చి సుంకాలు పెంచేసింది, మిగతా దేశాలు ఎదురు పెంచాయి, ప్రపంచ వ్యాపారం కుప్పకూలింది. యుద్ధం అయ్యాక 1947లో జెనీవాలో 23 దేశాలు కూర్చుని గాట్ ఒప్పందం రాసుకున్నాయి. ఆ 23లో మనమూ ఉన్నాం. అప్పటికి మనకి స్వతంత్రం వచ్చి రెండున్నర నెలలే. ఆ ఒప్పందంలో సుంకాలు తీసేస్తామని ఎవరూ రాయలేదు. "ఈ సరుకు మీద ఇంతకు మించి వెయ్యను" అని ఎవరికి వాళ్లు పట్టీ రాసిచ్చారు. దాన్నే బౌండ్ రేటు అంటారు. మన ఊరి భాషలో చెప్పాలంటే ముందే రాసుకున్న లీజు కాగితం. మధ్యలో పెంచడానికి లేదు, పెంచితే ఇంకేదో ఇచ్చుకోవాలి. 1995లో గాట్ మీదే ప్రపంచ వాణిజ్య సంస్థ, అదే డబ్ల్యూటీవో, వచ్చి కూర్చుంది. మాట తప్పినవాడి మీద ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కోర్టులాంటిది కూడా పెట్టారు.

ఆ కోర్టుకి రొయ్య బాగా పాత కక్షిదారు. తాబేళ్లు పడకుండా వలలకి అడ్డు పెట్టనివాళ్ల రొయ్య మాకొద్దని అమెరికా అంటే, మనమూ మలేషియా, థాయిలాండ్, పాకిస్తాన్ కలిసి కేసు వేశాం. 1998లో తీర్పు వచ్చింది. తాబేళ్లను కాపాడటం తప్పు కాదు, కానీ దేశానికో రకంగా చూడటం తప్పు అన్నారు. ఇండియా, పాకిస్తాన్ ఒకే వైపు నిలబడి వేసిన కేసు, సరదాగా గుర్తుపెట్టుకోండి. 2008లో ఇంకోటి గెలిచాం. దిగుమతి చేసుకునేవాళ్ల దగ్గర అమెరికా పెద్ద పెద్ద బాండ్లు రాయించుకుంటోందని వేసిన కేసు అది.

ఆ కోర్టులో అప్పీలు బెంచి 2019 డిసెంబరు నుంచి పనిచెయ్యడం లేదు. ఖాళీ అయిన జడ్జీల కుర్చీలు నింపనివ్వకుండా అమెరికాయే అడ్డుపడింది. బెంచికి ముగ్గురు ఉండాలి. అంతమంది లేరు. కింది కోర్టులో ఓడినవాడు "అప్పీలు చేస్తున్నా" అంటే చాలు, కేసు అలా గాల్లో ఉండిపోతుంది.

గడ్డకట్టిన రొయ్య మీద అమెరికా మామూలు సుంకం సున్నా. దాని మీద 2005 నుంచి యాంటీ డంపింగ్ అని, మరీ చవగ్గా తెచ్చి కుమ్మరిస్తున్నారని వేసే సుంకం ఒకటి ఉంది. 2024లో సబ్సిడీల పేరు చెప్పి ఇంకో 5.77 శాతం వేశారు. అసలు ఈ యాంటీ డంపింగ్‌లో ఒక తమాషా ఉంది. సరుకు దిగిన రోజు కట్టేది అడ్వాన్సు మాత్రమే. అసలు లెక్క తర్వాత ఎప్పుడో సమీక్ష చేసి తేలుస్తారు. రొయ్య అమ్మేసి, వాళ్లు తినేసి, అరిగిపోయాక బిల్లు వస్తుందన్నమాట. ఈ ఏడాది ఆగస్టు 7న వీటన్నిటి మీదా 25 శాతం, 27న రష్యా చమురు కొంటున్నామని మరో 25. అన్నీ కలిపితే 58 దాకా వెళ్లింది. అదే సమయానికి ఈక్వడార్ రొయ్య మీద కొత్త సుంకం 15 శాతం. ఈక్వడార్ నుంచి అమెరికాకి ఓడ కూడా దగ్గర దారి.

మన లెక్క ఒకటి చెబుతాను. 2024-25లో మన దేశం సుమారు 62 వేల కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. అందులో గడ్డకట్టిన రొయ్యే 43 వేల కోట్లు. ఆ రొయ్యలో 3 లక్షల టన్నులకు పైగా అమెరికాయే తీసుకుంది. దేశంలో ఎక్కువ రొయ్య పండేది మన రాష్ట్రంలోనే. ఇంకెవరికి తగులుతుంది దెబ్బ?

(సభలోంచి: మాస్టారూ, సుంకం కట్టేది అమెరికావాడే కదండీ? మనకేంటి?)

మంచి ప్రశ్న. చెక్కు రాసేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడే. కానీ కట్టేవాడూ మోసేవాడూ ఒకరే అని రూలేమీ లేదు. అక్కడి దుకాణంవాడు కొంత ధర పెంచుతాడు. దిగుమతిదారు కొంత లాభం వదులుకుంటాడు. మిగతాది ఇటు తోస్తాడు. మన ఎగుమతి కంపెనీ దానికి కోల్డ్ స్టోరేజి ఉంది, కొన్నాళ్లు ఆగగలదు. అది ఏజెంటు మీదకి తోస్తుంది. ఏజెంటు రైతు మీదకి. రైతు ఎవరి మీదకి తోస్తాడు? రొయ్య మీదకా? ఆఖర్న ప్లాంటులో పొద్దున్నుంచీ చల్లటి నీళ్లలో చేతులు పెట్టి తలలు తీసే ఆడవాళ్లు ఉంటారు. వాళ్లకి వారంలో ఆరు రోజుల పని నాలుగు రోజులవుతుంది. ఆగలేనివాడే మోస్తాడు. బేరంలో ఎప్పుడూ ఉండేదే ఇది.

సరే, ఇంత గొడవ ఎందుకు, ఎవరిది వాళ్లు పండించుకుని వాళ్లే తింటే పోలా అని అడుగుతారు కొందరు. దానికి నేను క్లాసులో చెప్పే ఉదాహరణ ఒకటుంది. పెళ్లిళ్ల వంటమేస్త్రిని చూశారు కదా. ఆయన ఉల్లిపాయలు కూడా తన దగ్గర పనిచేసే కుర్రాళ్లకంటే వేగంగా తరుగుతాడు. అన్నిట్లోనూ ఆయనే మొనగాడు. మరి ఆయనే కూర్చుని తరుగుతాడా? తరిగితే పులిహోర తాలింపు ఎవరు చూస్తారు? ఆయన గంటసేపు తరగడం వల్ల పోయేది గంట తరుగుడు కాదు, వెయ్యిమంది భోజనం. అందుకని తనకంటే నెమ్మదిగా తరిగే కుర్రాడికే కత్తిపీట ఇస్తాడు. ఇద్దరికీ లాభం. 1817లో డేవిడ్ రికార్డో ఇంగ్లండ్ బట్ట, పోర్చుగల్ ద్రాక్షసారాయి పెట్టి చెప్పింది ఇదే. పోర్చుగల్‌కి రెండూ తక్కువ శ్రమతో అవుతాయి. అయినా తనకి మరీ బాగా వచ్చే సారాయి చేసి బట్ట కొనుక్కోవడమే దానికి మేలు.

లెక్క తప్పు కాదు. రెండువందల ఏళ్లుగా దాన్ని ఎవరూ కొట్టెయ్యలేకపోయారు. మన వనామీయే చూడండి. ఇది మన రొయ్య కానే కాదు. దీని పుట్టిల్లు దక్షిణ, మధ్య అమెరికాల పసిఫిక్ తీరం. మనకి 2009లో అనుమతి వచ్చింది. జబ్బుల్లేని తల్లి రొయ్యలు ఇప్పటికీ హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో దిగుతాయి. అమెరికాకి మనం అమ్మే రొయ్యకి అమ్మ అమెరికా నుంచే వస్తోంది! నిరుడు కేంద్ర బడ్జెట్‌లో ఆ తల్లి రొయ్యల మీదా మేత మీదా సుంకం 5 శాతానికి తగ్గిస్తే ఈ హాల్లో చప్పట్లు కొట్టనివాడు లేడు. మనం కొనేదాని మీద సుంకం తగ్గితే అదీ స్వేచ్ఛా వాణిజ్యమే.

రికార్డో చెప్పకుండా వదిలేసింది ఇంకోటుంది. మగ్గం మీద కూర్చున్నవాడు తెల్లారేసరికి ద్రాక్షతోట వెయ్యలేడు. మధ్యలో ఒక తరం పోతుంది. అది మన పక్క ఊళ్లోనే జరిగింది.

ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు, నరసాపురం పక్కన మాధవాయిపాలెం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి అక్కడ వర్తక స్థావరం ఉండేది. మన నేతగాళ్లు నేసిన తెల్లటి నూలు బట్ట అక్కడి నుంచి ఓడెక్కేది. ఇంగ్లీషువాడికి నోరు తిరగక మాధవాయిపాలెం "మడపొల్లం" అయింది. ఆ ఊరి పేరే బట్ట పేరైంది. ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువులో ఆ మాట కనిపిస్తుంది, చూసుకోండి. బందరు అద్దకం బట్టల సంగతి మీకు చెప్పేదేముంది. లండన్‌లో దొరసానులు వాటికోసం ఎగబడ్డారు.

అప్పుడు ఇంగ్లండ్ ఏం చేసింది? రంగులు, పువ్వులు వేసిన ఇండియా నూలు బట్ట రావడానికి వీల్లేదని 1700లో చట్టం చేసింది. తెల్లబట్ట తెచ్చుకుని అక్కడే అద్దుకోవడం మొదలుపెట్టారు. 1719లో లండన్ నేతపనివాళ్లు వీధుల్లోకొచ్చి అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపేశారు. 1721లో అసలు కట్టుకోవడమే నేరమన్నారు. కట్టుకుంటే ఐదు పౌన్ల జరిమానా. ఆ రోజుల్లో ఐదు పౌన్లంటే మాటలు కాదు. స్వేచ్ఛా వాణిజ్యానికి గురువుల్లాంటి దేశం మొదట చేసిన పని ఇదీ.

తర్వాత మిల్లులు వచ్చాయి. లాంకషైర్‌కి ఇక ఎవరి భయమూ లేకపోయింది. అప్పుడు స్వేచ్ఛా వాణిజ్యం ధర్మమైపోయింది. 1846లో వాళ్ల ధాన్యం సుంకాలు తీసేశారు. 1882లో ఇండియాకి వచ్చే మిల్లు బట్ట మీద సుంకం పూర్తిగా ఎత్తేయించారు. తర్వాత ఖజానాకి డబ్బు కావాల్సి మళ్లీ వెయ్యాల్సి వచ్చినప్పుడు, 1896లో దిగుమతి బట్ట మీద మూడున్నర శాతం వేసి, సరిగ్గా అంతే ఎక్సైజు ఇక్కడి మిల్లు బట్ట మీదా వేశారు, మనవాడికి ఆ కాస్త ఊపిరి కూడా ఆడకుండా. మాంచెస్టర్ మిల్లులు నేసిన బట్ట "మడపొల్లం" పేరుతోనే ప్రపంచమంతా తిరిగింది. ఊరి పేరు ఓడెక్కి వెళ్లింది, మగ్గం ఇక్కడ ఆగిపోయింది.

ఇది చెబితే కుర్రాళ్లకి కోపం వస్తుంది. రావాలి కూడా. కానీ కోపం వచ్చాక మనవైపు అద్దం తిప్పుకోవాలి. ఇప్పుడు ఆ పని చేద్దాం, కాస్త ఓపిక పట్టండి.

ఇక్కడి నుంచి పైకి వెళితే పెదవేగి, ద్వారకా తిరుమల. అటు దాటితే అశ్వారావుపేట, దమ్మపేట. అంతా పామాయిల్ తోటలు. మొక్క వేశాక గెల కొయ్యడానికి నాలుగో ఏడు రావాలి. తర్వాత పాతికేళ్లకు పైగా కాస్తుంది. అంటే రొయ్య రైతుది నాలుగు నెలల పందెం అయితే, పామాయిల్ రైతుది ముప్పై ఏళ్ల పందెం. ఆయన గెల రేటు దేని మీద ఆధారపడుతుంది? మలేషియా, ఇండోనేషియా నుంచి దిగే ముడి నూనె ధర మీద, దాని మీద మన ప్రభుత్వం వేసే సుంకం మీద.

2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్ మీద బేసిక్ సుంకం సున్నా నుంచి 20 శాతానికి పెంచారు. సెస్సులతో 27.5. తోటలవాళ్లు సంతోషపడ్డారు, కొత్త మొక్కలు వేశారు. సూపర్ మార్కెట్లో నూనె ప్యాకెట్ కొనేవాళ్లు తిట్టుకున్నారు. ఎనిమిదిన్నర నెలలు గడిచాయి. 2025 మే నెలాఖరున దాన్ని 10 శాతానికి దించేశారు. సెస్సులతో 16.5. ఈసారి ప్యాకెట్ కొనేవాళ్లు సంతోషపడ్డారు. సెప్టెంబరు రేటు చూసి మొక్క వేసినవాడి తోటలో ఆ మొక్కకి ఇంకా మోకాలెత్తు రాలేదు.

ఇందులో మనం ఎవరికిచ్చిన మాటా తప్పలేదు సుమండీ. ఎందుకంటే మనం ఇచ్చిన మాట అలాంటిది. పామాయిల్ మీద డబ్ల్యూటీవోకి మనం రాసిచ్చిన పై హద్దు 300 శాతం. సున్నా నుంచి మూడువందల దాకా ఎక్కడైనా గంతులు వెయ్యొచ్చు. సోయా నూనె మీద మాత్రం 45కే కట్టుబడ్డాం. లీజు కాగితంలో "కౌలు ఎకరానికి సున్నా నుంచి మూడు లక్షల దాకా, యజమాని ఇష్టం" అని రాసుకుంటే దాన్ని కాగితం అంటామా?

ఇంకో విచిత్రం. మన దగ్గర సుంకం పెరగ్గానే నేపాల్ నుంచి శుద్ధి చేసిన సోయా నూనె, పామాయిల్ బోలెడు రావడం మొదలైంది. పొరుగు దేశంతో ఉన్న ఒప్పందం కింద దాని మీద సుంకం లేదు. నేపాల్ కొండల్లో పామాయిల్ తోట ఎవరైనా చూశారా? ముడి నూనె ఎక్కడినుంచో తెచ్చి, అక్కడ శుద్ధి చేసి, ఇటు పంపడం. ఇంతకు ముందు శ్రీలంక నుంచి వనస్పతి కూడా ఇలాగే వచ్చింది. 2000లో ఆ దేశంతో ఒప్పందం అమల్లోకి రాగానే మనవాళ్లే అక్కడికి వెళ్లి ఫ్యాక్టరీలు పెట్టారు. చివరికి ఏడాదికి రెండున్నర లక్షల టన్నులు దాటకూడదని హద్దు పెట్టాల్సి వచ్చింది. అందుకే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అంటే రెండు పేజీల్లో తెమలదు. సరుకు నిజంగా ఎక్కడ పుట్టిందో తేల్చే రూల్సే వందల పేజీలుంటాయి. చదివితే నిద్ర వస్తుంది, చదవకపోతే ఫ్యాక్టరీ మూతపడుతుంది.

బియ్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2023 జూలై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. ఆ వారాంతం అమెరికాలో మన తెలుగువాళ్లు ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టారు. సోనా మసూరి బ్యాగులు కార్లలో కుక్కుకుని వెళ్తున్న వీడియోలు మీ ఫోన్లకీ వచ్చే ఉంటాయి. కుటుంబానికి ఒక్క బ్యాగే అని బోర్డులు పెట్టారు. నాకు తెలిసినాయన ఒకాయన ఎనిమిది బ్యాగులు కొని, ఆరు నెలల తర్వాత పురుగులు ఏరుకున్నాడు. దాంట్లో నవ్వుకోవడానికి ఉంది. కానీ కాకినాడ రేవు నుంచి వెళ్లే బియ్యం మీద బతికే పశ్చిమ ఆఫ్రికా ఊళ్లు ఉన్నాయి. వాళ్లకి కార్లలో కుక్కుకునే వీలు కూడా లేదు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు దాకా నడిచింది. మన ధర పెరగకూడదని మనం చేశాం, మనకి సబబే. బెనిన్‌లో బియ్యం వ్యాపారికి మాత్రం ఆ రోజు మనం చేసింది ఏప్రిల్ 3న ట్రంప్ మనకు చేసినదానిలాగే కనబడి ఉంటుంది.

(సభలోంచి: అంటే తప్పంతా మనదే అంటారా?)

కాదండీ. తప్పొప్పులు పంచడానికి రాలేదు నేను. ఎవరి భయం వాళ్లకి నిజం అంటున్నాను. లూసియానా, టెక్సాస్ తీరాల్లో పడవేసుకుని రొయ్యలు పట్టేవాడు ఉన్నాడు. అమెరికా తినే రొయ్యల్లో పదింట తొమ్మిది బయటి దేశాలవే. తాతల నాటి పడవ అమ్ముకుంటున్నాడు వాడు. 2005 నాటి ఆ యాంటీ డంపింగ్ సుంకం వాళ్ల గోల వల్ల వచ్చిందే. వాణ్ని తిట్టేముందు మన పాడి రైతును తలుచుకోండి. రెండు గేదెలున్న ఇల్లాలు న్యూజిలాండ్ పాలపొడితో పోటీ పడలేకపోతుందనే కదా, 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన ప్రధాని ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందంలో చేరం అని చెప్పి వచ్చేశారు. నేనూ అప్పుడు మంచి పనే అన్నాను. ఇప్పటికీ అంటాను. కానీ అలా అన్నవాణ్ని లూసియానా పడవవాడి కళ్లలోకి సూటిగా చూడలేను. తేడా అల్లా ఒకటుంది. ఆర్‌సెప్‌లో చేరకముందే చేరం అన్నాం. చేరిన తర్వాత, అవతలివాడు పాలపొడి ఓడ ఎక్కించాక, అడ్డంగా తిరగలేదు. నేను పట్టుకుని వేలాడేది ఆ తేడానే.

ఇంగ్లండ్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద ఈ జూలై 24న సంతకాలయ్యాయి. అమల్లోకి వస్తే అక్కడ మన రొయ్య మీద సుంకం సున్నా అవుతుంది. మంచిదే. అయితే అమెరికా కొనేదాంట్లో అది చిన్న ముక్క. పైగా సుంకం పోయినంతమాత్రాన తలుపు తెరుచుకోదు. యూరప్‌వాళ్లు 2016 నుంచి మన రొయ్య కంటైనర్లలో సగానికి సగం ఆపి యాంటీబయాటిక్స్ కోసం పరీక్ష చేస్తున్నారు. అంతకు ముందు పదింటికి ఒకటి చూసేవాళ్లు. అది వాళ్ల కుట్ర అని మనలో మనం అనుకుంటాం. మేత షాపులో అడక్కుండానే ఏ డబ్బా చేతిలో పెడతారో కూడా మనకే తెలుసు. ఈ ఒక్క విషయంలో మాత్రం ట్రంప్‌ని లాగకండి.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఇంకొక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పండి, మీరే, ఎర్ర తువ్వాలు వేసుకున్నాయన.

(సభలోంచి: అవన్నీ సరే మాస్టారూ. నాకు ఐదెకరాల లీజు చెరువుంది. ఇప్పుడు సీడు పొయ్యమంటారా, వద్దంటారా?)

ఈ ప్రశ్న వస్తుందనే భయపడుతున్నాను ఇందాకటి నుంచీ. ఎకనామిక్స్ మాస్టారు దగ్గర దీనికి జవాబు లేదండీ. మొన్న మా బావమరిదిని నేనే అడిగాను, ఏం చేస్తున్నావని. ఆరు చెరువుల్లో మూడింటికి సీడు పోశాడు. అదీ పల్చగా. మిగతా మూడూ నీళ్లు తోడించి ఎండగట్టాడు, అడుగు మట్టి బీటలు వారింది. అందులో ఒకదాంట్లో ఈసారి చేప వేస్తానంటున్నాడు, చేపైతే కలకత్తా పోతుంది, అమెరికా అక్కర్లేదు అని. పోసిన మూడు చెరువుల లెక్క మార్చిలో తేలుతుంది. అప్పుడు మళ్లీ పిలవండి, వాణ్ని కూడా తీసుకొచ్చి వాడిచేతే చెప్పిస్తాను.